రిలీవర్ వచ్చేదాకా

సెప్టెంబర్‌లో కార్మికుల పండగ చూడటానికి జంషెడ్‌పూర్ వెళ్తున్నామని చెబితే తెనాలిలో మా వాళ్ళందరూ ఒకే మాట అన్నారు: "కార్మికుల పండగ మే ఒకటిన కదా!"

నేనూ అలాగే అనుకునేదాన్ని. మా నాన్న ప్రింటింగ్ ప్రెస్‌లో పనిచేసేవారు. మే డే నాడు ప్రెస్ మూసేసి, రిక్షా స్టాండు దగ్గర ఎర్రజెండా ఎగరేసి, పిల్లలకు చాక్లెట్లు పంచేవారు. మిషన్లకు బొట్లు పెట్టి నిమ్మకాయలు కట్టడం మాత్రం దసరాకి. ఒకటి మనుషుల పండగ, ఒకటి యంత్రాల పండగ. ఆ రెండింటికీ మధ్య ఒక ఎండాకాలం, ఒక వానాకాలం ఉండేవి. రెండూ ఒకే రోజున చేసుకునే ఊరు ఉందని పెళ్ళయ్యాక మా ఆయన శ్రీను చెబితేనే తెలిసింది.

శ్రీను చదువంతా జంషెడ్‌పూర్‌లోనే, వాళ్ళ పిన్ని, బాబాయిల దగ్గర సాగింది. నాకు వాళ్ళు అత్తయ్య, మామయ్య. వాళ్ళ పెద్దలు శ్రీకాకుళం వైపు నుంచి ఉక్కు పని కోసం వెళ్ళి అక్కడే స్థిరపడ్డారు. మామయ్య పనిచేసేది ఇనుము కరిగించే కొలిమి దగ్గర. అక్కడ దాన్ని భట్టీ అంటారు. సంవత్సరానికి ఒక్కరోజు, విశ్వకర్మ పూజ నాడు, ఉద్యోగుల ఇంటివాళ్ళను లోపలికి రానిచ్చి చూపిస్తారట. చిన్నప్పుడు ఆ భట్టీ ముందు నిలబడిన సంగతి శ్రీను నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ఆగస్టులో మామయ్య ఫోన్ చేశారు.

"ఒరే సీనూ, వచ్చే ఏటికి నేను రిటైరు. ఇదే నా ఆకరి పూజ. కోడల్ని తీసుకురా, భట్టీ సూపిత్తాను."

వెళ్ళాలని నాకూ ఉంది. కానీ మా చిట్టికి తొమ్మిదో నెలలో జ్వరం వచ్చి ఫిట్స్ వచ్చాయి. డాక్టరుగారు ఈ వయసులో కొందరు పిల్లలకు వస్తాయనీ, పెద్దయ్యాక పోతాయనీ చెప్పారు. ఆయన చెప్పింది అర్థమైంది కానీ, నా చేతుల్లో పాప కళ్ళు పైకి తిరిగిన ఆ క్షణం మాత్రం నన్ను వదల్లేదు. అప్పటినుంచి పాపను ఎవరికీ ఇచ్చింది లేదు. శ్రీను ఎత్తుకున్నా పక్కనే నిలబడతాను. స్నానానికి వెళ్ళినా తలుపు ఓరగా తీసే ఉంచుతాను. అలాంటిదాన్ని, ఏడాది దాటిన పాపతో, రాత్రీ పగలూ సాగే రైలెక్కాను.

విజయనగరం దాటాక

విజయనగరంలో ఒకావిడ మా ఎదుటి సీట్లోకి వచ్చింది. పేరు నీలమ్మ. చేతిలో రెండు సంచులు, ఒళ్ళో జీళ్ళ పొట్లం. కూర్చోగానే పాపను చూసింది.

"ఓలమ్మ, సంటిదాన్ని ఎత్తుకొని ఎందాకా?"

"జంషెడ్‌పూర్ అండీ. విశ్వకర్మ పూజకి."

"మనూరే! నానూ అక్కడికే. మాంగోలో ఉంటాం మేం. నది ఇవతల కంపెనీ, అవతల మాంగో. మా ఆయన కంట్రాక్టులో వెల్డింగు సేత్తాడు." అంటూ ఒక జీడి విరిచి పాప నోటి దగ్గరికి తెచ్చింది. నేను గబుక్కున చెయ్యి అడ్డం పెట్టాను. జీడి కిందపడింది. పాప ఏడుపు అందుకుంది. నాకు సిగ్గేసింది.

"గొంతులో అడ్డం పడుతుందేమోనని..."

నీలమ్మ ఏమీ అనుకోలేదు. "భయం మంచిదే. నా పెద్దోడికి నేనూ ఇలాగే. రెండోదాని కాడికి వచ్చేసరికి అది మట్టి తిన్నా సూత్తా కూకున్నాను" అని పెద్దగా నవ్వింది. పై బెర్తు మీద పడుకున్న ఒడియా పెద్దాయనకి మెలకువ వచ్చి ఆయన కూడా ఎందుకో నవ్వాడు.

మే డే గురించి అడిగాను. అక్కడా ఉంటుందంది. "అది యూనియనోల్లది. జెండా ఎగరేత్తారు, మీటింగెడతారు. అది మనిసికి సెలవు. ఇదేమో పనిముట్టుకి సెలవు."

"ఈసారి ఏ తేదీ వచ్చింది?"

"ఈసారి ఏటి, ఆసారి ఏటి! మన పండగలన్నీ ముందుకీ ఎనక్కీ జరుగుతాయి. ఇది జరగదు. సెప్టెంబరు పదేడు. కంపెనీ సైరన్ లాగ."

తర్వాత శ్రీను వివరించాడు. మిగతా పండగలు చంద్రుణ్ణి బట్టి వస్తే ఇది సూర్యుణ్ణి బట్టి వస్తుంది. సూర్యుడు కన్యారాశిలోకి వెళ్ళే రోజు. ఎప్పుడో ఒకసారి ఒక రోజు అటూ ఇటూ అయినా దాదాపు ప్రతి ఏడూ పదిహేడే. మన సంక్రాంతి తేదీ పెద్దగా మారనట్టే. షిఫ్టుల్లో బతికే ఊరికి కదలని పండగే సరిపోతుందనిపించింది.

రాయగడ దాటాక కొండలు. సొరంగంలోకి బండి వెళ్ళినప్పుడల్లా పాప నా మెడ పట్టుకునేది, వెలుగు రాగానే వదిలేది. మర్నాడు మా బోగీలో ఎవరికీ తొందర లేదు. కిటికీ బయట సాల చెట్లు, ఎర్రమట్టి, తడిసిన పొలాలు. చక్రధర్‌పూర్‌లో మట్టి ముంతల్లో టీ తాగాం. దిగేటప్పుడు నీలమ్మ మిగిలిన జీళ్ళ పొట్లం నా సంచిలో కుక్కింది. "గుంటకి కాదు, నీకు. నువ్వేటీ తినట్లేదు."

బారిడీహ్‌లో ఒక మాట

అత్తయ్యవాళ్ళది బారిడీహ్‌లో కంపెనీ క్వార్టరు. వీధి పొడవునా ఒకే కొలత ఇళ్ళు, ఒక్కో ఇంట్లో ఒక్కో భాష. గేటు దగ్గర నిలబడితే ఒకవైపు ఆవనూనె వాసన, ఒకవైపు మన ఇంగువ పోపు. అత్తయ్య పాపను చూసి చేతులు చాచింది. నేను పాపను నాకే గట్టిగా హత్తుకున్నాను. ఆమె ఆ చేతులతోనే నా సంచి అందుకుంది.

ఆ సాయంత్రం నాకు వింతగా తోచిన సంగతి ఒకటి. అత్తయ్య పొయ్యి మీద పాలకోవా కలుపుతోంది. చెయ్యి నొప్పి పుట్టిందేమో, గరిటె వదలకుండానే గట్టిగా అరిచింది.

"రిలీవర్!"

లోపలి గదిలోంచి వాళ్ళమ్మాయి సుజాత పరుగున వచ్చింది. బిష్టుపూర్‌లో ఒక బ్యాంకులో ఉద్యోగం తనకి. తెలుగు అర్థమవుతుంది కానీ నోటికొచ్చేది హిందీయే. "హా మమ్మీ, బోలో."

"అడుగంటుతంది, ఎడం పక్క ఎక్కువ కలుపు. పంచదార ఎయ్యలేదు. మంట తగ్గించేది నేదు."

"బాయీ తరఫ్ జ్యాదా. చీనీ బాకీ. ఆంచ్ కమ్ నహీ కర్‌నా."

"బరాబర్" అంది అత్తయ్య, తన మాటలన్నీ హిందీలో తిరిగి విన్నాక. అప్పుడు గరిటె వదిలింది. తల్లి చెయ్యి తీయకముందే కూతురి చెయ్యి గరిటె మీద ఉంది. ఒక్క క్షణం కూడా అది ఆగలేదు.

నేను నోరు తెరుచుకుని చూస్తుంటే శ్రీను నవ్వాడు. "ఈ ఇంట్లో అంతే. బాబాయి భట్టీ నుంచి తెచ్చిన అలవాటు."

భోజనాల దగ్గర మామయ్య చెప్పారు. భట్టీని ఆర్పడం కుదరదు. ఆరితే లోపల కరిగిన ఇనుము అలాగే గడ్డకట్టుకుపోతుంది. దీపావళి అయినా, వర్షాలొచ్చినా, ఇంట్లో పెళ్ళయినా దాని దగ్గర మనిషి ఉండాల్సిందే. తర్వాతి షిఫ్టు మనిషి వచ్చేదాకా ముందటివాడు కదలకూడదు. ఆ వచ్చేవాడే రిలీవర్.

"మరి రాకపోతే?"

"రాకపోతే అక్కడే. డబల్ డ్యూటీ. ఇది పుట్టిన నాడు నా రిలీవర్ రాలేదు" అని సుజాత వైపు చూపించారు.

"ఆస్పత్రిలో నేను, భట్టీ కాడ ఈయన" అంది అత్తయ్య. "పొద్దున్నొచ్చి, పిల్లని సూసి, 'చార్జి తీసుకున్నాను' అన్నాడు. అక్కడి నర్సమ్మ బిత్తరపోయింది."

చార్జి ఇవ్వడం అంటే అప్పజెప్పడం. దానికి పద్ధతి ఉంది. దిగిపోయేవాడు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, బాగున్నదీ బాగాలేనిదీ కూడా. వచ్చినవాడు ఆ మాటల్నే తిరిగి చెప్పాలి. కాసేపు ఇద్దరూ పక్కపక్కనే నిలబడాలి. ఆ తర్వాత మొదటివాడు వెళ్ళిపోవాలి, వెనక్కి తిరిగి చూడకూడదు.

"చూస్తే ఏమవుతుంది మామయ్యా?"

"ఇద్దరు సూత్తంటే ఈడు సూత్తన్నాడని ఆడు, ఆడు సూత్తన్నాడని ఈడు. ఎవడూ సూడనట్టే" అని పెరుగన్నంలోకి వెళ్ళిపోయారు.

నా ఒళ్ళో పాప నిద్రపోయి చాలాసేపైంది. ఎడమచేత్తో తింటున్నానని నాకప్పుడే తెలిసింది.

బిష్టుపూర్, పూజకు ముందు రోజు

ఊరంతా కడుక్కుంటోంది. ఇంతకన్నా వేరేలా చెప్పలేను. బిష్టుపూర్ వెళ్ళే దారి పొడవునా ఆటోలు, లారీలు, బస్సులు నీళ్ళోడుతూ నిలబడి ఉన్నాయి. ఒక వెల్డింగు షాపులో అతను బ్రష్షుతో స్పానర్లను ఒక్కొక్కటిగా కిరోసిన్లో తోమి, పాత చీర మీద ఆరబెడుతున్నాడు. మన ఇంట్లో పండగకి వెండి సామాను ఆరబెట్టినట్టు. సైకిల్ షాపు ముందు గాలి పంపుకి పసుపు రాసి ఉంది.

విగ్రహాలు అమ్మేచోట ఆగాం. వినాయకుడి బొమ్మల్లాగే మట్టివి. విశ్వకర్మ ఏనుగు పక్కన నిలబడి ఉంటాడు, చేతుల్లో సుత్తి, తక్కెడ, ఇంకా ఒక చేతిలో గాలిపటం. గాలిపటం ఎందుకని బొమ్మలబ్బాయిని అడిగితే హిందీలో అన్నాడు: "రోజూ పనిచేసే చేతులు ఒక్కరోజు ఏం చేస్తాయి దీదీ? ఎగరేస్తాయి."

మూల మీద లిట్టీ చోఖా తిన్నాం. గోధుమపిండి ఉండలో శనగపిండి లాంటి సత్తు కూరి, బొగ్గుల మీద కాల్చి, నేతిలో ముంచి ఇస్తారు. పక్కన కాల్చిన వంకాయ పచ్చడి. మన వంకాయ బండపచ్చడికి దగ్గర చుట్టమే కానీ చింతపండు లేదు, ఆవనూనె ఘాటు. ప్లేటు నలభై రూపాయలు, రెండు తింటే రాత్రి అన్నం అక్కర్లేదు. నేను పాప మీదికి బొగ్గుల పొగ రాకుండా చున్నీ అడ్డం పెట్టుకుని తింటుంటే సగం లిట్టీ రోడ్డు మీద పడింది. ఒక మేక వచ్చి నాకంటే మర్యాదగా తింది.

తిరిగి వచ్చాక అసలు విషయం తెలిసింది. మామయ్య పాసులు తెచ్చారు. శ్రీనుకి, నాకు, సుజాతకి. చంటిపిల్లల్ని భట్టీ వైపు రానివ్వరు.

"అయితే నేను ఉంటాను" అన్నాను వెంటనే. లోపల బాధే, కానీ కొంత నిశ్చింత కూడా. ఇక నిర్ణయించుకోనక్కర్లేదు కదా.

మామయ్య పాసులు టీవీ పక్కన పెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు. ఆయన ముఖం చూడలేకపోయాను.

పనిముట్లకు సెలవు

పదిహేడు పొద్దున్నే లేచేసరికి మామయ్య డ్యూటీకి వెళ్ళిపోయారు. పండగ రోజు కూడా మొదటి షిఫ్టే. హాల్లో పీట మీద కొత్త గుడ్డ పరిచి అత్తయ్య ఇంట్లోని పనిముట్లన్నీ పేర్చింది. మామయ్య సుత్తి, స్క్రూడ్రైవర్లు, సుజాత స్కూటీ తాళాలు, కత్తిపీట, కుట్టుమిషను, మిక్సీ జారు. అన్నిటికీ బొట్లు, బంతిపూలు. ఆ రోజు వాటిని ముట్టకూడదు.

పక్కింటి బెంగాలీ ఆవిడ గిన్నె పట్టుకొచ్చింది. వాళ్ళింట్లో పొయ్యికి కూడా సెలవట. ముందు రోజే వండి పెట్టుకుని ఈ రోజు చల్లగా తింటారు. నీళ్ళన్నం, చేమాకు కూర, వేయించిన చేప. "పొయ్యి కూడా మనిషే కదా" అంది నాతో హిందీలో, చాలా మామూలుగా.

ఆ సందడిలో పాప డైపరు ప్యాకెట్ తెరుచుకోక, నా అలవాటు కొద్దీ కంటికి కనిపించిన కత్తెర తీసి కోసేశాను. కోశాక చూస్తే నా వేళ్ళకి కుంకం. పీట మీది కత్తెర అది.

"ఓలప్పా!" అంది సుజాత. ఈసారి తెలుగే వచ్చింది.

ఆఖరి పూజ, నేనే చెడగొట్టాను. అత్తయ్య వచ్చి కత్తెర తీసుకుని, తడిగుడ్డతో తుడిచి, మళ్ళీ బొట్టు పెట్టి, యథాస్థానంలో పెట్టింది.

"దీనికి ఓవర్‌టైం రాసేద్దాంలే" అంది.

అందరం నవ్వాం. నవ్వుతూనే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అత్తయ్య చూసింది. సుజాతను, శ్రీనును బట్టలు మార్చుకోమని పంపి నా పక్కన కూర్చుంది.

"నువ్వు ఎల్లవా?"

"పాప అత్తయ్యా..."

"పిన్నీ, నేను ఉంటాను, తనని వెళ్ళనీ" అన్నాడు శ్రీను గుమ్మంలోంచి.

"నువ్వుంటే మీ బాబాయి మనసు సగం ఇక్కడే ఉంటది. నువ్వెల్లరా." మళ్ళీ నా వైపు తిరిగింది. "సూడమ్మా. భట్టీకి సెలవు నేదు, ఒప్పుకున్నాను. భట్టీ కాడి మనిసికి ఉంటది. నేకపోతే ముప్పైయేళ్ళు మీ మామయ్య ఇంటికే రాడు. నీకు డ్యూటీ దిగడం ఎవరూ నేర్పలేదు, అంతే. చార్జి ఇయ్యి. నీ రిలీవర్ని నేను."

ఇంతకుముందు అందరూ నాతో "ఏమీ కాదులే, ఇవ్వు" అన్నవాళ్ళే. ఏమీ కాదని ఎవరికి తెలుసు? ఆ మాట విన్నప్పుడల్లా ఇంకా గట్టిగా పట్టుకునేదాన్ని. చార్జి ఇమ్మని మొదటిసారి అడిగింది అత్తయ్యే.

మొదలుపెట్టాను. "పాలు ఇప్పుడే తాగింది. ఆకలేస్తే పెరుగన్నం, మెత్తగా. నిద్రొస్తే చెవి పట్టుకుంటుంది."

"పాలు అయ్యాయి. పెరుగన్నం మెత్తగా. సెవి పట్టుకుంటే నిద్ర."

"ఒళ్ళు వెచ్చగా అనిపిస్తే థర్మామీటరు సంచి పై అరలో ఉంది. జ్వరం మందు ఎర్రమూత సీసా. నేను గీత పెట్టాను, అందాకే."

"పై అర. ఎర్రమూత. గీత కాడికి."

ఆ తర్వాతది నా నోటి నుంచి రావడానికి సమయం పట్టింది. "ఫిట్స్ వస్తే... పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు. చేతులు కాళ్ళు గట్టిగా పట్టి ఆపకూడదు. వెంటనే ఆస్పత్రికి."

"అలాంటి మాటలెందుకమ్మా" అంటుందనుకున్నాను. అనలేదు. నా కళ్ళలోకి చూస్తూ, ఒక్కో మాటా తిరిగి చెప్పింది. పక్కకి తిప్పి. నోట్లో ఏటీ పెట్టను. పట్టి ఆపను. ఆస్పత్రికి. పక్కింటాయన కారు ఉంది, తాళం ఎక్కడుంటుందో కూడా తెలుసంది.

"బరాబర్?" అని అడిగింది.

"బరాబర్" అన్నాను.

కాసేపు ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం, మధ్యలో పాప. పాప అత్తయ్య గాజులతో ఆట మొదలుపెట్టింది. నేను లేచాను. గేటు దాటేదాకా అత్తయ్య గొంతు వినిపించింది: "ఎనక్కి సూడకు!"

చూడలేదు. మెడ నొప్పి పుట్టింది.

భట్టీ ముందు

ఆ రోజు ఆటోలు తిరగవు. స్టాండులో వరుసగా నిలబడి, దండలు వేసుకుని, లౌడ్‌స్పీకర్లో పాటలు వింటుంటాయి. పూలు కట్టిన కంపెనీ బస్సులో వెళ్ళాం. గేటు దగ్గర ఫోన్లు తీసుకుని లోపల పెట్టేశారు. ఇక ఇంటికి ఫోన్ చేయడం కూడా లేదు. సుజాత నా చెయ్యి పట్టుకుంది. "భాభీ, చలో."

ముందు ఒక వర్క్‌షాపు గుండా నడిపించారు. ఊహించని నిశ్శబ్దం. ఒక ఊరి బజారంత పొడవు షెడ్డులో ఒక్క యంత్రమూ తిరగడం లేదు. లేత్ మిషన్లకు బంతిపూల దండలు. మా ఇంటికన్నా ఎత్తున్న సుత్తి మిషను నుదుటి మీద కుంకం. కప్పు దగ్గర క్రేనుకి రెండు వైపులా అరటి పిలకలు, అంత ఎత్తుకి ఎవరెక్కి కట్టారో. ఒక మూల చిన్న బల్ల మీద వరుసగా చేతి తొడుగులు, మాసి, చిల్లులు పడి, ఒక్కోదానికి ఒక్కో బొట్టు. అందరూ వాటి ముందు చెప్పులు విడిచినట్టు నడుస్తున్నారు. గుళ్ళో కూడా నేను ఇంత మెల్లగా మాట్లాడి ఉండను.

ఆ నిశ్శబ్దం చివర ఒక హోరు. మొదట చెవులకు కాదు, అరికాళ్ళకు వినిపించింది. "అదే" అన్నాడు శ్రీను. అతని గొంతు చిన్నపిల్లాడి గొంతులా ఉంది.

భట్టీ అంటే నేను పెద్ద పొయ్యి అనుకున్నాను. కాదు. అది ఒక కొండ, ఇనుప గొట్టాలు చుట్టుకున్న కొండ. దాని మొదట్లో మనుషులు అగ్గిపుల్లల్లా ఉన్నారు. మమ్మల్ని చాలా దూరంలో, కమ్మీల వెనక నిలబెట్టారు. భట్టీకి దండ లేదు. వేస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. అందుకని దాని దండని మేం నిలబడ్డ కమ్మీలకు కట్టారు. పూలు ఆ దూరంలోనే వాడిపోయి ఉన్నాయి.

వెండిరంగు కోటు, నల్ల అద్దం ఉన్న టోపీ వేసుకున్న మనిషి ఒకరు మా వైపు చెయ్యి ఎత్తారు. మామయ్య. ఇంట్లో చెప్పులు ఎక్కడ విడిచారో వెతుక్కునే మనిషి.

అప్పుడు తూము తెరిచారు.

ఇనుము ఎర్రగా వస్తుందనుకున్నాను. ఎరుపు కాదు. పసుపూ కాదు. మధ్యాహ్నం సూర్యుణ్ణి చూస్తే కంట్లో ఏ రంగు మిగులుతుందో ఆ రంగు. అది నీళ్ళలా ప్రవహించింది. నీళ్ళకంటే తొందర లేకుండా, బరువుగా, కాలువ ఒడ్డు పట్టుకుని వచ్చింది. పైకి లేచిన నిప్పురవ్వలు ఒక్కోటి మళ్ళీ నాలుగుగా విరిగి రాలాయి. ముఖం మీద వేడి ఎవరో అరచెయ్యి ఆనించినట్టు తగిలింది. షెడ్డు కప్పు, మనుషులు, నా చేతులు అన్నీ ఒకే వెలుగులోకి మారిపోయాయి. నా పక్కన ఒక ముసలావిడ రెండు చేతులూ జోడించింది. నేనూ జోడించాను, దేవుడికా, మంటకా, మంట పక్కన మామూలుగా నడుస్తున్న మామయ్యకా తెలియదు. నేను పుట్టకముందు నుంచీ అది వెలుగుతూనే ఉంది. ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి, ఒక్క క్షణం కూడా ఎవరిదీ కాకుండా ఉండలేదు. ఊళ్ళో ప్రతి పండగకీ ఎవరో ఒకరు ఇక్కడ నిలబడ్డారు.

మంట కాస్త తగ్గాక మామయ్య రిలీవర్ వచ్చింది. ఆడమనిషి. ముప్పై దాటి ఉంటుంది. పేరు పూర్ణిమ అని సుజాత చెప్పింది. హోరులో మాటలు మాకు వినిపించలేదు. మామయ్య చేత్తో ఒక్కో చోటు చూపించడం, ఆమె అదే చోటు తిరిగి చూపించడం మాత్రం కనిపించింది. ఒకచోట మామయ్య తల అడ్డంగా ఊపి, మళ్ళీ చూపించారు. ఆమె మళ్ళీ చెప్పింది. ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. తర్వాత ఆమె వంగి ఆయన కాళ్ళకి దండం పెట్టింది. అది పద్ధతిలో లేదు, ఆయన తడబడ్డారు.

మా వైపు నడిచొచ్చారు. ముఖమంతా చెమట, కనుబొమ్మల్లో నల్లటి పొడి. నేనే ఆయన భుజం మీదుగా భట్టీ వైపు చూస్తున్నాను, ఆయన మాత్రం తిరగలేదు.

"ఒక్కసారి చూడండి మామయ్యా, ఆఖరి పూజ."

"ఆయమ్మ సూత్తంది కదా" అన్నారు. కొంచెం ఆగి, "గుంటని ఎవరికిచ్చావు?"

"అత్తయ్యకి. చార్జి ఇచ్చాను."

ఆయన ఒక్కసారిగా నవ్వారు. హోరులో నవ్వు వినిపించలేదు, పళ్ళు మాత్రం తెల్లగా కనిపించాయి. ఇంతసేపూ పాప గుర్తురాలేదని అప్పుడే తెలిసింది.

తిరిగి చార్జి

బస్సు దిగిన దగ్గర్నుంచి దాదాపు పరిగెత్తాను. పాప హాల్లో నేల మీద కూర్చుని పెరుగన్నం ఒళ్ళంతా పూసుకుంటోంది. నన్ను చూసి చేతులెత్తింది. వంగబోయాను. నుదుటి మీద చిన్న బొప్పి.

"ఆగు" అంది అత్తయ్య. "చార్జి తీసుకోకుండా ముట్టుకోకు."

ఆగాను. ఎలా ఆగానో తెలియదు.

"నువ్వెల్లాక ఏడిసింది. గాజులిత్తే ఊరుకుంది. కాసేపు పడుకుంది. లేచి నడవబోయి పీట అంచు తగిలి పడింది. నుదురు బొప్పి కట్టింది. సల్లటి గుడ్డ పెట్టాను. బాగానే ఆడింది, తర్వాత వాంతి నేదు. ఒళ్ళు వేడి నేదు, రెండుసార్లు సూశాను. ఇప్పుడు తింటంది."

బొప్పిని పౌడరుతో కప్పి ఉండొచ్చు. నేను అడిగాక చెప్పి ఉండొచ్చు. ఇంకెవరైనా అలాగే చేసేవారు, నన్ను భయపెట్టకూడదని. అత్తయ్య ఉన్నది ఉన్నట్టు చెప్పి నా వైపు చూస్తూ నిలబడింది. పక్కన మామయ్య, ఇంకా కనుబొమ్మలు కడుక్కోకుండానే.

"ఏడ్చింది. పడుకుంది" అని మొదలుపెట్టాను. "పడింది. బొప్పి. చల్లటి గుడ్డ. వాంతి లేదు. వేడి లేదు. తింటోంది."

"బరాబర్" అంది అత్తయ్య, అప్పుడు పక్కకి జరిగింది.

ఎత్తుకుంటే ఒళ్ళంతా పెరుగు. ఆ సాయంత్రం డాబా మీద నుంచి చూస్తే ఊరి మీద గాలిపటాలు, వాటి వెనక ఆకాశంలో భట్టీ వైపు ఒక నారింజ వెలుగు. ఆ వెలుగు కింద ఎవరున్నారో ఇప్పుడు నాకు పేరుతో సహా తెలుసు.

ఇది తెనాలిలో, అందరూ పడుకున్నాక రాస్తున్నాను. రాత్రుళ్ళు మేలుకోవడం నాకు పాప జ్వరం నాటి నుంచీ అలవాటు. గదిలో కుర్చీ వేసుకుని ఊపిరి వింటూ కూర్చునేదాన్ని. ఈ రాత్రి కుర్చీ ఇక్కడ, వంటింటి బల్ల దగ్గర ఉంది. పడుకునే ముందు శ్రీనుకి చెప్పాను: పాపకి జలుబుంది, ముక్కు దిబ్బడ, దుప్పటి తన్నేస్తుంది. అతను ప్రతి మాటా తిరిగి చెప్పాడు. కాసేపు ఇద్దరం మంచం పక్కన నిలబడ్డాం.

ఇప్పుడే లోపల పాప దగ్గింది. పెన్ను ఆగింది. రెండోసారి దగ్గింది. మంచం కిర్రుమంది, శ్రీను ఏదో గొణిగాడు, దుప్పటి సర్దిన చప్పుడు.

తలుపు నా వెనకవైపు ఉంది. తిరిగి చూడలేదు.